గవాచి

డ్రోన్ ఎగరక ముందు మిద్దెలెక్కి
సున్నంతో కూడిక గుర్తులు గీసినాం,
నేనూ మద్దిలేటీ.
"ఎందుకమ్మా గుర్తు, కూలగొట్టేదానికా?"
ప్రతి గడపలో అదే మాట.
కాదు పెద్దమ్మా, కంప్యూటర్లో కట్టేదానికి.
"అయితే మాదానికి ఇంకో అంతస్తు వెయ్యి తల్లీ"
అనిందొక ముసలామె,
నవ్వకుండా.

తొమ్మిది రోజులు ఎగిరింది. పదకొండు వేల ఫోటోలు.
ఒక్కో కప్పును అయిదు వైపుల నుంచి చూస్తే గాని
ఈ సాఫ్ట్‌వేర్ నమ్మదు.
మనమైతే ఒక్క చూపుకే నమ్మేస్తాం.

తెర మీద కర్నూలు మెల్లగా లేచింది.
ముందు చుక్కలు, కొర్రలు ఆరబోసినట్టు,
తర్వాత చుక్కల మీద చర్మం.
కొండారెడ్డి బురుజు ఎండకు మెత్తబడిన బెల్లం అచ్చు.
పాత బస్టాండు కాడ బస్సులున్నాయి, ఎక్కేవాళ్లు లేరు.
మార్కెట్లో తక్కెళ్లున్నాయి, బేరం లేదు.
కదిలే దేన్నైనా ఇది మరక అనుకొని తుడిచేస్తుంది.
నిద్రపోతున్న కుక్క మిగిలింది.
ఫోన్ మాట్లాడుతూ నిలబడినాయప్ప
నడుము దాకా మిగిలినాడు.
మిరపకాయలు ఆరేసిన మిద్దెను
పెంకుటిల్లని రాసుకుంది.

నదులు మాత్రం రాలేదు.
తుంగభద్ర తావున ఒక చిరుగు, హంద్రి తావున ఇంకొకటి.
ఈ ఫోటోలో ఉన్న నీళ్లు ఆ ఫోటోలో ఉండవు,
పోల్చుకునేదానికి ఆనవాలు దొరకదు.
"చదునుగా నీలం రేకు పరిచెయ్" అన్నారు ఇద్రీస్ సార్.
పరిచినాను.
రేకుకు ఒక మీట. జరిపితే లేస్తుంది.
ఈ పనంతా దాని కోసమే:
ఎన్నడుగులు లేస్తే ఏ వీధి మునుగుతుందో
ముందే చెప్పేదానికి.

ఇంక శుభ్రం చేయాలి.
కప్పుల్లో నల్లటి గుంటలు, జానెడువి, మూరెడువి,
పాతూర్లో, జోహరాపురంలో, హంద్రి వార
మట్టి మిద్దె కనపడితే చాలు, నడిమధ్య ఒకటి.
యంత్రం దృష్టిలో అది లెక్క తప్పిన చోటు.
'రంధ్రాలు పూడ్చు' అని ఒక బటన్ ఉంది.
నొక్కితే మూడు వందల పన్నెండు పూడినాయి.
పోయి టీ తాగొచ్చినాను.

రాత్రి పండుకున్నాక తెలిసింది,
నేను పూడ్చినవి గవాచులని.

మా జేజి ఉరుకుందమ్మ
ఏటేటా సౌడు మన్ను మోసుకొచ్చి మిద్దె మీద పరిచేది.
గవాచి చుట్టూ మాత్రం చేత్తో మెత్తేది,
కుండ మూతికి మల్లే.
పొయ్యి పొగ పోయేది దాన్లోనుంచే,
పొద్దు దిగేది దాన్లోనుంచే.
గోడ మీది వెలుగు బిళ్ళ రోకలి దాకా జారితే
నాకు బడి టైము.
వానొస్తే బేతంచెర్ల బండ ముక్క అడ్డం.

ఆ వరద నాడు వాకిలి తెరుచుకోలేదు.
నాకు ఏడేళ్లు.
మంచం తేలింది. మంచం మీద గంప, గంప మీద నేను.
చిన్నాయన పైనుంచి బండ జరిపినాడు.
జేజి కింద నుంచి తోసింది.
నా భుజాలు పట్టినాయి.
తన భుజాలు పట్టవని ఆమెకు తెలుసు.
ఏటేటా ఆ అంచును మెత్తిన మనిషి.

పొద్దున వచ్చి అన్నీ తెరిచినాను,
బటన్‌తో కాదు, ఒక్కొక్కటే.
"ఫైలు బరువైతాది" అన్నారు సార్.
అయితాది సార్, అన్నాను.
పట్టికలో కొత్త గడి చేర్చి వెడల్పులు రాసినాను,
అంగుళాల్లో.
మూడు వందల పన్నెండులో
పెద్ద మనిషి పట్టేవి నలభై ఒకటి.

మా ఇల్లున్న తావున ఇప్పుడు హాస్టలు.
కాంక్రీటు కప్పు, పైన రెండు నల్ల ట్యాంకులు.
అక్కడ లేని గవాచిని నేను పెట్టలేదు.

సాయంత్రం అందరూ పోయినాక
మీటను ఆ ఏటి గుర్తు దాకా జరిపినాను.
నీలం రేకు చప్పుడు చేయకుండా వీధులెక్కింది.
బురద లేదు. వాసన లేదు.
కుక్క ఇంకా నిద్రపోతానే ఉంది.
మా సున్నం గుర్తున్న ఆ ముసలామె మిద్దె
రేకు కింద రెండడుగుల లోతున.

ఇంకో అంతస్తు వెయ్యమనింది.
నవ్వకుండా.